ముందు ముక్కుకు, తర్వాత నోటికి

మొన్న మా మరిదికి పిల్లను చూడడానికి నర్సంపేట వెళ్లాం. పిల్ల తల్లి మర్యాదగా ట్రేలో మంచినీళ్ల గ్లాసులు పెట్టుకొని వచ్చింది. నేను గ్లాసు తీసుకొని, నోటికంటే ముందు ముక్కుకు పెట్టుకున్నాను. వాసన ఏమీ లేదని తేల్చుకున్నాకే తాగాను. తలెత్తి చూస్తే ఆమె ముఖం మాడిపోయి ఉంది.

"ఏందమ్మా, మా నీళ్లేమన్న గబ్బుగున్నయా?" అంది.

మా ఆయన పక్కనుంచి నా మోకాలు గిల్లాడు. జలుబు చేసింది వదినా, ముక్కు పనిచేయడం లేదు అని ఏదో సర్దిచెప్పాను. ముక్కు పనిచేయనిదాన్ని వాసనెందుకు చూస్తాను? ఆమె నమ్మలేదు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో మా ఆయన ఒకటే సణుగుడు. "యాడికి పోయినా గీ కుక్కలెక్క వాసన జూసుడేందే? ఇజ్జత్ పోయింది గద!" అన్నాడు. "నాకు నేర్పినామెను పోయి అడుగు" అన్నాను. అడగడానికి ఆమె లేదు. పోయిన వానాకాలంలో పోయింది.

మా బస్తీ మనిషిని ఎక్కడున్నా ఇట్టే పట్టేయొచ్చు. పెండ్లి పంక్తిలో కూర్చున్నా, దవాఖాన మంచం మీద పడుకున్నా, నీళ్లిస్తే ముందు వాసన చూస్తాడు. అందరికీ ఆ అలవాటు చేసింది మా ఎదురింటి ముసలామె ఒక్కతే. చుట్టరికమేమీ లేకపోయినా నేను అత్తా అనేదాన్ని.

కాశిబుగ్గ దాటి నాలా ఒడ్డున రేకుల ఇండ్లు వేసుకున్నవాళ్లం మేము. మాకు నల్లా లేదని ఎవరూ అనడానికి లేదు, ఉంది. కాకపోతే ఆ నల్లా పైపు మురికినీళ్ల మోరీలో పడుకొని వస్తుంది. ఎప్పుడో వేసిన పైపు, ఎక్కడెక్కడ పగిలిందో దేవుడికే తెలియాలి. నీళ్లు వదలనప్పుడు పైపు ఖాళీగా ఉంటుంది కదా, అప్పుడు మోరీ అందులోకి నిదానంగా దిగుతుంది. వదలగానే ముందు నల్లగా, తర్వాత పచ్చగా, ఆ తర్వాత చూడడానికి తేటగా వస్తాయి. బిందె అడుగున వెంట్రుకలు. ఒకసారి ఎర్ర పురుగు ఒకటి మెలికలు తిరుగుతూ కనిపించింది. ఇది చదువుతూ అన్నం తినేవాళ్లుంటే క్షమించాలి. మేము ఆ నీళ్లతోనే అన్నం వండుకున్నాం.

ఆమెది మోరీ పక్కనే, గల్లీ చివరి ఇల్లు, కోడలు, మనవరాళ్లతో ఉండేది. బక్క మనిషి. ఆ బక్క ముఖానికి అంత పెద్ద ముక్కు, దానికొక ఎర్ర రాయి పుడక. చీరకు ఎప్పుడూ ఎక్కడో ఒకచోట నూలు పోగు అంటుకొని ఉండేది. వయసులో ఉన్నప్పుడు ఇంట్లో మగ్గం ఆడింది, ఆమె కండెలు చుట్టింది, నూలుకు గంజి పెట్టింది. గంజి పులిస్తే నూలు పాడవుతుందట, అందుకని పొద్దున లేవగానే గంజి కుండ మూత తీసి వాసన చూడడం ఆమె పని. మగ్గం ఎప్పుడో పోయింది. ముక్కు మాత్రం పనిలోనే ఉండిపోయింది. కూరగాయల బండి దగ్గర టమాట వాసన చూసేది, రేషన్ బియ్యం వాసన చూసేది, మనవరాళ్ల తలలు వాసన చూసి "ఎండల ఆడొచ్చిండ్రు దొంగముండలు" అని తిట్టేది. ఓట్లప్పుడు దండం పెట్టుకుంటూ వచ్చే నాయకులను కూడా వదల్లేదు. వాళ్లు గల్లీ మలుపు తిరగగానే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని, "వీని మాట అప్పుడే వాసనొస్తాంది" అనేది. మేము పడీ పడీ నవ్వేవాళ్లం.

పొద్దున పిల్లలు బడికి పోయే వేళకు ఆమె అరుగు మీద నిలబడి అరిచేది.

"నీళ్లు నింపుకుంటాండ్రా? ముందుగాల ముక్కుకు, ఎనుక నోటికి! వాసనొస్తే పారబొయ్యిండ్రి, తాగితే మీ తోలు తీస్త!"

చిన్నపిల్లలకు అదొక ఆట. సీసా మూత తీసి, వాసన చూసి, "అవ్వా, కంపూ!" అని అరిచి మోరీలో గుమ్మరించేవాళ్లు. మోరీలోంచి వచ్చిన నీళ్లు తిరిగి మోరీలోకే. ఆ తర్వాత వాళ్ల అమ్మలు నీళ్ల ప్లాంటు నుంచి కొని తెచ్చిన కాన్ నీళ్లు పోసేవాళ్లు. కాన్ ఉన్న ఇంట్లో. లేని ఇంట్లో పిల్లలు దూపతోనే పోయేవాళ్లు.

ఫిర్యాదులు చేయలేదా అంటే, ఎన్ని చేయలేదు! నాకు కుట్టుమిషను పని, చేతిలో మంచి ఫోను. బస్తీ ఫిర్యాదులన్నీ నా ఫోను నుంచే పోయేవి. పెట్టిన కొన్నాళ్లకు "మీ సమస్య పరిష్కరించబడింది" అని జవాబు, కింద సాక్ష్యంగా ఒక నల్లా ఫొటో. నల్లా కింద తెల్లటి టైల్స్ అరుగు, పక్కన గులాబీ కుండీ! మా బస్తీలో టైల్స్ ఎక్కడివి, గులాబీలెక్కడివి? ఎవరింటి నల్లానో ఫొటో తీసి మా ముఖాన కొట్టారు. ఇంకోసారి వాల్వు తిప్పే మనిషితో పాటు ఒక సారు వచ్చాడు. ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకొని మోరీ గట్టున నిలబడి, "నాకైతే వాసనేం రావట్లేదమ్మా" అన్నాడు. రుమాలు తీయకుండానే. ఛీ, ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. మెయిన్ రోడ్డు మీద మేడలవాళ్లు అంతకన్నా ఘనులు. మీరు ఇక్కడ ఉండబట్టే మోరీ వాసన వస్తోంది అనేవాళ్లు. ఆ మోరీలో పారేది వాళ్ల మేడల నీళ్లే.

నేను ఫోనులో టైపు చేస్తుంటే అత్త పక్కన కూర్చొని చూసేది. ఒకరోజు నా చెయ్యి పట్టుకొని ఆపింది.

"నువ్వు ఎంత రాసినా దున్నపోతు మీద వాన పడ్డట్టే బిడ్డా. కాయితం వాసన రాదు, ఫోను వాసన రాదు. వాళ్లకెట్ల ఎరుకైతది? నీళ్లే తీస్కపోదాం."

అలా మొదలైంది చెంబు. అత్త పాత ఇత్తడి చెంబులో నల్లా నీళ్లు పట్టి, మూతికి తెల్లగుడ్డ కట్టి, గుడ్డకు నూలు పోగు బిగించి, నెత్తిన పెట్టుకొని ఫిర్యాదులు తీసుకునే సోమవారం మున్సిపల్ ఆఫీసుకు బయలుదేరింది. తోడు నేను. గేటు దగ్గర కాపలా మనిషి, "ఏందవ్వా, కల్లు తెచ్చినవా సార్లకు?" అని నవ్వాడు. "తాగి చెప్పు కొడుకా" అని ఆమె చెంబు దింపబోయింది. వాడు గుడ్డ విప్పకముందే పక్కకు తప్పుకున్నాడు.

లోపల ఏసీ గది. జనం వరుసలో నిలబడ్డారు, ఒక్కొక్కరి చేతిలో కాగితం. మా వంతు వచ్చేసరికి పెద్ద సారు తలెత్తకుండానే, "దరఖాస్తు ఏదమ్మా?" అని చెయ్యి చాచాడు. ఆమె చెంబును ఆ చేతి ముందే పెట్టి గుడ్డ విప్పింది.

కిటికీలన్నీ మూసిన గది కదా, ఆ కంపు ఎక్కడికీ పోలేక అందరి ముఖాల మీద కూర్చుంది. పక్క టేబులు దగ్గరి మేడమ్ చున్నీ ముక్కుకు నొక్కుకుంది. ఎవరో పరుగెత్తుకొచ్చి మల్లెల సెంటు కొట్టారు. మోరీకి మల్లెలు కలిస్తే ఎలా ఉంటుందో నాకు ఆరోజు తెలిసింది.

"ఎవరు రానిచ్చారు దీన్ని? తీయండి, బయట పారబోయండి!" అని సారు కుర్చీ వెనక్కి జరిపాడు.

"మీకు జరసేపు సార్. మాకు పొద్దుమాపు గిదే" అంది అత్త. గొంతు పెంచలేదు. "గివే నీళ్లు మా పోరగాండ్లు తాగుతాండ్రు. మీరు జర తాగి చూడుండ్రి. మంచిగున్నయంటే నేను మల్ల రాను."

వరుసలో ఉన్నవాళ్లు కాగితాలు దించి మా వైపు చూడడం మొదలుపెట్టారు. ఎవరో ఫోను కూడా పైకెత్తారు. దాంతో సారు ముఖం మారిపోయింది. "సరే సరే, నేనే వస్తానమ్మా మీ బస్తీకి. నా కళ్లతో చూస్తాను" అన్నాడు.

"కండ్లతోని గాదు సార్, ముక్కుతోని చూడాలె" అంది ఈమె. గుడ్డ మళ్లీ కట్టి, చెంబు ఎత్తుకొని, రాణిలాగా బయటికి నడిచింది.

సారు వస్తున్నాడంటే ముందురోజు గల్లీలో బ్లీచింగ్ పౌడరు చల్లారు. ఎక్కడిదాకా? ఆయన నడిచేదాకా. అక్కడ గీత గీసినట్టు తెలుపు ఆగిపోయింది. మోరీ మీద ఆయన నిలబడేచోట ఒక చెక్క కప్పారు. ఇంత తెలివి పైపు మీద పెట్టి ఉంటే మాకు ఈ గతి పట్టేది కాదు. మేమూ మా ఏర్పాట్లలో ఉన్నాం. కూర్చొని మాట్లాడుకున్నాం. సారు రావాలి, అప్పుడే పట్టిన నల్లా నీళ్లు ఆయన చేతికివ్వాలి, తాగకపోయినా ఆయన నోటితోనే గబ్బు అనిపించాలి. ఆ ఒక్క మాట అందరి ముందూ వస్తే పైపు మోరీలోంచి పైకి లేస్తుంది. ఆ మాట అందరికంటే ఎక్కువసార్లు చెప్పింది అత్తే. ఆరోజు పొద్దున తనే చెంబు నింపి, కుర్చీ పక్కన, చేతికి అందేటట్టు పెట్టుకుంది.

నడి ఎండాకాలం. సారు కారు దిగి గల్లీ చివరిదాకా నడిచి వచ్చేసరికి చొక్కా వీపుకు అంటుకుపోయింది. అత్త వాకిట్లో వేసిన ప్లాస్టిక్ కుర్చీలో కూలబడి, మెడ తుడుచుకుంటూ, "అబ్బ, ఏం ఎండమ్మా! కొంచెం మంచినీళ్లిస్తారా, దాహంగా ఉంది" అన్నాడు.

మాకు నవ్వు ఆగలేదు. మేము ఇవ్వకముందే ఆయనే అడిగాడు! చెంబు అత్త కాలి దగ్గరే ఉంది. ఆమె వంగింది, చెంబు మెడ పట్టుకుంది. తలెత్తి ఆయన ముఖం చూసింది. ఎర్రగా కందిపోయి, పెదవులు ఎండిపోయి ఉన్నాయి. ఆమె చెయ్యి చెంబును వదిలేసింది. కొంగు భుజాల చుట్టూ కప్పుకొని లోపలికి వెళ్లింది. నాకు అప్పుడే అర్థమైంది. లోపల మట్టికుండ రంజన్‌లో పోసుకున్న కాన్ నీళ్లు, మనవరాళ్ల కోసం దాచిన చల్లటి నీళ్లు, స్టీలు గ్లాసులో తెచ్చి రెండు చేతులతో ఆయనకు ఇచ్చింది.

ఆయన గటగటా తాగేశాడు. "ఎంత చల్లగున్నాయమ్మా!" అని ఇంకో గ్లాసు అడిగాడు. పక్కనున్న మనిషి ఫొటో తీశాడు. "ఇగ గివి చూడుండ్రి సార్, గివీ నల్లా నీళ్లు" అని అత్త చెంబు ఎత్తేసరికి ఆయన ఫోను మోగింది. మాట్లాడుతూ లేచాడు, మాట్లాడుతూనే నడిచాడు. "చూశాం కదమ్మా, అంతా చూశాం" అని కారెక్కాడు.

మర్నాడు నా ఫోనుకు జవాబు వచ్చింది. అధికారి స్వయంగా తాగి చూశారట, నీటిలో లోపమేమీ లేదట, ఫిర్యాదు ముగించడమైనదట. కింద ఫొటో. ఈసారి దొంగ ఫొటో కాదు. మా గల్లీయే, మా అత్త వాకిలే. సారు గ్లాసెత్తి తాగుతుంటే, పక్కన ఈమె చుట్టం వచ్చిన సంబరంలో నవ్వుతూ నిలబడి ఉంది. ముక్కుపుడక కూడా మెరుస్తోంది.

ఆ ఫోను పట్టుకొని ఆమె మీదికి పోయాను.

"ఏం పని చేసినవ్ అత్తా! చెంబు కాళ్లకాడ్నే ఉండె గద!"

"ఉండె."

"మరి? మన నోట్ల మన్ను కొడితివి గద!"

"దూపైతాందన్నడు బిడ్డా."

"అననియ్యి! ఆఫీసుల తాగుమని నువ్వే చెంబు ముంగట పెట్టలేదా?"

"గది వాని జాగ. గాడ వాడు సారు, నేను అడుగవోయినదాన్ని. గిది నా వాకిలి. నా వాకిట్లకొచ్చి దూపన్నోని నోట్ల మోరి నీళ్లు ఎట్ల పోస్తనే?"

మంచితనం మండిపోను అని తిట్టుకుంటూ వచ్చేశాను. బస్తీలో చాలామంది ఆమెతో మాట మానేశారు. సారు వాళ్ల వాకిట్లో కూర్చొని అడిగి ఉంటే వాళ్లూ అదే చేసేవాళ్లు, అది వేరే సంగతి. చేతికందిన పైపు జారిపోయిన మంట.

ఆమె ఊరుకోలేదు. ఒక్కతే చెంబెత్తుకొని మళ్లీ ఆఫీసుకు పోయింది. వాళ్లు ఆమె ఫొటో ఆమెకే చూపించారు. ఇది నువ్వే కదా, ఇది నీ ఇల్లే కదా అని అడిగారట. నేనే సార్, గని అవి కొన్న నీళ్లు అందట ఈమె. "కొనుక్కొని తాగేవాళ్లకు నల్లా నీళ్లతో ఏం పనమ్మా?" అన్నాడట అక్కడున్నాయన. థూ! నోరా అది, మోరీయా? ఆ మాట మాకు చెబుతూ ముందు నవ్వింది. తర్వాత కొంగు నోట్లో కుక్కుకొని చాలాసేపు గోడవైపు తిరిగి కూర్చుంది. ఆ తర్వాత కూడా పొద్దున అరుగు మీద నిలబడేది, ముందుగాల ముక్కుకు అని పిల్లలకు చెప్పేది. గొంతు మాత్రం మా ఇంటిదాకా వినిపించేది కాదు.

వానలు పడ్డాయి. మోరీ పొంగి గల్లీలోకి వచ్చింది. ఇంటింటా వాంతులు, విరేచనాలు. మా గల్లీలో ఆ రోజుల వాసన గురించి రాయను, రాసినా మీరు చదవలేరు. ప్లాంటు ఆటో గల్లీలోకి రాలేక కాన్లు అరకొరగా అందాయి. అందినవి ఆమె మనవరాళ్లకు ఉంచేసింది. తను నల్లా నీళ్లే కాగబెట్టుకొని తాగింది. తాగుతుంటే నేను చూశాను. ఎడమచేత్తో ముక్కు గట్టిగా మూసుకొని, కుడిచేత్తో గ్లాసెత్తింది. అందరికీ వాసన చూడడం నేర్పిన మనిషి!

"ఏం చేస్తున్నవ్ అత్తా?" అని అరిచాను.

"కాగబెట్టిన తియ్యి, ఫికర్ చెయ్యకు" అంది.

రెండోరోజుకు పడిపోయింది. దవాఖానకు తీసుకెళ్లే ఆటోలో ఆమె తల నా ఒళ్లోనే ఉంది. అక్కడ నర్సమ్మ చెంచాతో నీళ్లు పట్టబోతే, అంత నీరసంలోనూ ఆమె ముక్కుపుటాలు కదిలాయి. వాసన చూసి, పెదవులు తెరిచి, గుటక వేసింది. "మంచిగున్నయే" అంది నావైపు తిరిగి. "గిది ఏడి నల్లా?" ఆమె నోట నేను విన్న చివరి మాట అదే.

బస్తీలో జనం చచ్చిపోయాక, పేపర్లలో వచ్చాక, సారుకు మళ్లీ మా గల్లీ గుర్తొచ్చింది. అత్త దినాలు అయిన మర్నాడు వచ్చాడు. అదే వాకిలి, అదే కుర్చీ. ఈసారి వాన పడి చల్లగానే ఉంది, ఆయన ఏమీ అడగలేదు. అత్త కోడలు నోట్లో నాలుక లేని మనిషి, పెండ్లయి వచ్చిన దగ్గర్నుంచి నేను ఆమె గొంతు సరిగా విన్నది లేదు. వాకిట్లోకి మనిషి వచ్చాడు కాబట్టి లోపలికి పోయి గ్లాసుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. మా అందరికీ తెలుసు, రంజన్‌లో ఆరోజు కాన్ నీళ్లు లేవు. ఇత్తడి చెంబులోని నల్లా నీళ్లే ఉన్నాయి.

సారు గ్లాసు అందుకున్నాడు. నోటిదాకా తీసుకెళ్లి ఆపాడు. మెల్లగా ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. అచ్చం మా బస్తీ మనిషిలాగే! గ్లాసు దించి కుర్చీ కింద పెట్టేశాడు.

"ఇప్పుడే తాగొచ్చానమ్మా" అన్నాడు.

కోడలు కొంగు సర్దుకొంది. "మా అత్తమ్మ ఇచ్చిననాడు గిట్ల ముక్కుకు పెట్టుకోలే గద సార్" అంది. ఆ గొంతు ఆమెదేనా అని నేను తిరిగి చూశాను. "వాసన గూడ జూడకుండ నమ్మి తాగిండ్రు. ఆమె చేతి నీళ్లు నమ్మిండ్రు. ఆమె మాటెందుకు నమ్మకపోతిరి?"

సారు తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. తర్వాత లేచి, గ్లాసు కాలికి తగలకుండా దాటి, వెళ్లిపోయాడు.

ఆ వారమే పని మొదలైంది. ఇప్పుడు మా పైపు మోరీ మీదుగా, ఇనుప స్టాండ్ల మీద పోతోంది. మోరీకి జానెడు పైన. ఇంతే పని. ఆ పైపును జానెడు లేపడానికి మా గల్లీలోంచి పాడె లేవాల్సి వచ్చింది. దానికి మళ్లీ ఒక ఆరంభోత్సవం, ఒక రిబ్బను, చప్పట్లు. నేను పోలేదు. పోయి ఉంటే అక్కడే ఉమ్మేసేదాన్ని.

ఇప్పుడు నీళ్లు వాసన రావు. అయినా నేను చూడకుండా తాగను, ఎవరింట్లోనైనా సరే. నర్సంపేట వదినకు కోపమొస్తే రానీ. సంబంధం కుదిరి ఆ పిల్ల మా ఇంటికే వస్తే, మొదటిరోజు మా నల్లా నీళ్లు గ్లాసులో పట్టి నేనే చేతికిస్తాను. తాగబోతే చెయ్యి పట్టుకొని ఆపుతాను.

"ముందుగాల ముక్కుకు బిడ్డా, ఎనుక నోటికి."